కుందేలు బోనులో ఏ గడ్డి పరచాలి? ఏ గడ్డి తినిపించాలి?



మా వీడియోలు చూసేవాళ్లలో సగం మంది రైతులు, మిగతా సగం పట్నంలో బాల్కనీలో, మిద్దె మీద మొక్కలు పెంచుకునేవాళ్లు. ఈ రెండో సగం నుంచి ఏడాదిగా ఒకటే ప్రశ్న వస్తోంది. "అన్నా, మా ఇంట్లో కుందేలు ఉంది. బోనులో ఏ గడ్డి వేయాలి?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఎందుకంటే ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. కుందేలు కూర్చోవడానికి, పడుకోవడానికి కింద ఏం పరచాలి అన్నది ఒకటి. అది తినడానికి ఏం పెట్టాలి అన్నది ఇంకొకటి. మన భాషలో రెండింటికీ "గడ్డి" అనే అంటాం. వరిగడ్డి కూడా గడ్డే, గరిక కూడా గడ్డే. షాపువాడు ఒక కట్ట చేతికిచ్చి "గడ్డి వేయండి సార్" అంటాడు. కొన్నవాళ్లు అదే కింద పరుస్తారు, అదే తిండి అనుకుంటారు. కుందేలు ఆరోగ్యం పాడయ్యేది సరిగ్గా ఇక్కడే.

నేను పశువుల డాక్టర్‌ను కాదు. వ్యవసాయ డిప్లొమా చేసి, రంగారెడ్డి జిల్లా యాచారం వైపు ఎర్ర చెలకలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను. అందులో అర ఎకరం గడ్డికే వదిలాను. దాన్ని ఎండబెట్టి కిలో, రెండు కిలోల సంచుల్లో హైదరాబాద్‌లో కుందేళ్లు పెంచుకునే ఇళ్లకు పంపిస్తున్నాను. జబ్బు సంగతి డాక్టర్లు చెప్పాలి. గడ్డి సంగతి మాత్రం నేను ధైర్యంగా చెప్పగలను.

ముందు కుందేలు పొట్ట గురించి తెలుసుకోండి

మనం ఇళ్లలో పెంచే కుందేళ్లు మన అడవి చెవులపిల్లి జాతి కాదు. చెవులపిల్లి వేరే జంతువు. దాన్ని పట్టుకోవడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంపుడు కుందేలు మూలం యూరప్‌లో, స్పెయిన్, పోర్చుగల్ వైపు. బొరియల్లో బతుకుతూ, పొడి నేలల్లో సన్నటి గడ్డి రోజంతా కొరుక్కుని తినే జంతువు అది. దాని పళ్లు, పొట్ట ఆ బతుకుకు తగ్గట్టే తయారయ్యాయి.

కుందేలు పళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లే కాదు, దవడ పళ్లు కూడా. గడ్డిని అడ్డంగా నూరి నూరి తింటేనే ఆ పళ్లు అరుగుతాయి. క్యారెట్ ముక్క, బ్రెడ్డు, బిస్కెట్ లాంటివి రెండు నములుళ్లకే మెత్తబడి లోపలికి పోతాయి. పళ్లు అరగవు. అరగని దవడ పళ్లు అంచుల్లో ముళ్లలాగా పెరిగి నాలుకనో, బుగ్గనో గీస్తాయి. నొప్పితో కుందేలు తిండి మానేస్తుంది.

రెండోది పేగు. ఆవుకు నెమరు వేసే పొట్ట ముందు ఉంటుంది. కుందేలుకు గడ్డిని పులియబెట్టే సంచి వెనక, పెద్దపేగు మొదట్లో ఉంటుంది. అక్కడ మేలు చేసే సూక్ష్మజీవులు కోట్లలో పనిచేస్తాయి. మన జీవామృతం డ్రమ్ములో జరిగే పనికి, ఇక్కడ జరిగే పనికి పెద్ద తేడా లేదు. సరైన మేత వేస్తే సూక్ష్మజీవులు పనిచేస్తాయి, తప్పుడు మేత వేస్తే డ్రమ్ము కంపు కొడుతుంది. కుందేలు ఆ సంచి నుంచి వచ్చే మెత్తటి, ద్రాక్షగుత్తి లాంటి పెంటికలను మళ్లీ తినేస్తుంది. చూసి అసహ్యించుకోకండి. దాని విటమిన్లు, మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి. మనకు బోనులో కనిపించే గట్టి గుండ్రటి పెంటికలు వేరే.

ఈ పేగు కదలాలంటే పీచు కావాలి. పీచు లేకపోతే కదలిక ఆగిపోతుంది. పెద్ద కుందేలు 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసరం కిందే లెక్క. "రేపు పొద్దున చూద్దాం" అనుకోకూడదు. ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి.

కాబట్టి కుందేలు తిండిలో సుమారు 80 శాతం ఎండుగడ్డే ఉండాలి. 24 గంటలూ అందుబాటులో ఉండాలి. పెల్లెట్లు పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు దాటొద్దు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు లాంటి ఆకుకూరలు కడిగి కొద్దిగా పెట్టొచ్చు. క్యారెట్టూ పండూ ఎప్పుడైనా ఒక చిన్న ముక్క, అంతే. ఉల్లి, వెల్లుల్లి, బ్రెడ్డు, చాక్లెట్ అసలే వద్దు.

తినే గడ్డి: ఏది మంచిది, ఏది కాదు

*తిమోతీ గడ్డి.* ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఇదే పేరు. చల్లటి దేశాల గడ్డి. 18వ శతాబ్దంలో అమెరికాలో దీన్ని ప్రచారం చేసిన తిమోతీ హాన్సన్ అనే రైతు పేరు దీనికి వచ్చింది. కుందేలుకు చాలా మంచిది, అందులో అనుమానం లేదు. కానీ మన ఎండలకు పండదు. ఓడ ఎక్కి వస్తుంది కాబట్టి ధర ఎక్కువ. కొనగలిగినవాళ్లు కొనండి. కొనలేనివాళ్లు మా కుందేలుకు అన్యాయం చేస్తున్నామని బాధపడనక్కర్లేదు. కుందేలుకు కావాల్సింది తిమోతీ అనే పేరు కాదు, పూతకు ముందు కోసి పచ్చదనం పోకుండా ఎండబెట్టిన సన్నటి గడ్డి.

*గరిక.* వినాయక చవితికి మనం దేవుడి ముందు పెట్టే గరికే. దీన్నే విదేశాల్లో బెర్ముడా గడ్డి అంటారు. అక్కడ ఎండబెట్టి గుర్రాలకు, కుందేళ్లకు మేపుతారు. సన్నటి కాడ, త్వరగా ఎండుతుంది, కుందేళ్లు ఇష్టంగా తింటాయి. నేను అర ఎకరంలో గరిక వదిలానని తెలిసి మా నాయిన నవ్వాడు. "గరిక పీకనీకి నేను జీవితమంత కూలోళ్లను పెట్టిన. నువ్వు దానికి నీళ్లు పెడ్తున్నవారా?" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. పంటలో గరిక పడితే రైతు నడుము విరుగుతుంది. అందుకే నేను దాన్ని వేరే మడిలో, చుట్టూ లోతుగా కాలువ తీసి పెట్టాను.

*రోడ్స్ గడ్డి.* ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డి, మన వేడికి తట్టుకుంటుంది. కాడ సన్నం, ఆకు ఎక్కువ, ఎండుగడ్డికి బాగా పనికొస్తుంది. మా అర ఎకరంలో సగం ఇదే.

*ఓట్స్ గడ్డి.* చలికాలంలో వేసుకోవచ్చు. గింజ పాలు పోసుకునే దశలో కోస్తే కమ్మటి వాసన. తిండి మీద మొండికేసే కుందేళ్లకు కాస్త కలిపి పెడితే అలవాటు పడతాయి.

*లూసర్న్, దశరథ గడ్డి, వేరుశనగ కట్టె.* ఇవన్నీ పప్పు జాతి. మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. ఆరు నెలల లోపు పిల్లలకు, చూడి కుందేళ్లకు, పాలిచ్చే తల్లులకు మంచిది. పెద్ద కుందేలుకు రోజూ పెట్టొద్దు. కుందేలు ఒంట్లో ఎక్కువైన కాల్షియం మూత్రంలోనే బయటికి పోతుంది. అది మితిమీరితే మూత్రసంచిలో సున్నం బురదలాగా పేరుకుంటుంది, రాళ్లు కూడా కడతాయి. వేరుశనగ కట్టెతో ఇంకో ఇబ్బంది ఉంది. పీకిన తర్వాత వానకు తడిస్తే బూజు పడుతుంది. ఆ బూజు విషం కుందేలు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పశువులకే ఆలోచించి వేయాల్సిన మేత అది, రెండు కిలోల జీవానికి ఎంత జాగ్రత్త కావాలో మీరే ఆలోచించండి.

*వరిగడ్డి.* గింజ తీసేశాక మిగిలిన కాడ. ఇందులో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. ఇసుకలో ఉండే సిలికా చాలా ఎక్కువ. ఆవు, గేదె నాలుగు అరల పొట్టతో దాన్ని ఎలాగో నెట్టుకొస్తాయి. వాటికి కూడా తవుడో, చెక్కో తోడు పెడతాం. కుందేలుకు ఇది తిండి కాదు. పరుపుగా వేసినప్పుడు నాలుగు పోచలు కొరికితే ప్రమాదం లేదు, కానీ అదే భోజనం అయితే కుందేలు చిక్కిపోతుంది.

*జొన్న చొప్ప.* లేత జొన్న తిని పశువులు పడిపోవడం మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. లేత జొన్నలో సైనైడ్ విషం తయారవుతుంది. ముదిరి బాగా ఎండిన చొప్పలో ఆ భయం తగ్గుతుంది కానీ, కాడ మొద్దు, కుందేలు ఆకు తిని కాడ వదిలేస్తుంది. కొని లాభం లేదు.

*సూపర్ నేపియర్.* పచ్చిగా గేదెలకు బంగారం. ఎండుగడ్డికి మాత్రం పనికిరాదు. కాడలో నీళ్లు ఎక్కువ, ఆకు ఎండేలోపు కాడ ఎండదు, లోపల బూజు పడుతుంది.

*సుబాబుల్.* గట్ల మీద ఉంది కదా అని కొంతమంది కోసి వేస్తారు. వద్దు. అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది, కుందేలు వెంట్రుకలు ఊడిపోతాయి. వయ్యారిభామ, తలంబ్రాల చెట్టు ఆకు గడ్డిలో కలిసినా ఆ కట్ట మొత్తం పక్కన పెట్టేయండి.

ఒక ఇంట్లో జరిగింది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. వాళ్ల పాప కుందేలుకు రెండేళ్లు. గడ్డి కిలో పంపమని అడిగింది. మాటల్లో "రెండు రోజుల నుంచి సరిగ్గా తినట్లేదు, గడ్డం కింద తడి తడిగా ఉంటోంది" అంది. ఏం పెడుతున్నారని అడిగాను. పెల్లెట్లు, బ్రెడ్డు, క్యారెట్, కింద వరిగడ్డి. షాపులో వరిగడ్డే "హే" అని చెప్పి ఇచ్చారట.

నేను గడ్డి పంపలేదు. "అక్కా, ఇది గడ్డితో తేలే పని కాదు. ఇప్పుడే కుందేళ్లు చూసే డాక్టర్ దగ్గరికి పొండి" అని చెప్పాను. అనుకున్నట్టే దవడ పళ్లు ముళ్లలా పెరిగి నాలుక కోసుకుపోయింది. డాక్టర్ మత్తిచ్చి పళ్లు అరగదీశారు. చేత్తో మెత్తటి తిండి పట్టి వారం రోజులు పాపే సాకింది. కుందేలు బతికింది. కానీ ఒకసారి వంకర తిరిగిన పళ్లు మళ్లీ సరిగ్గా రావడం కష్టం. ఇప్పుడు గరిక, రోడ్స్ బాగానే తింటోంది, అయినా కొన్ని నెలలకోసారి డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. ప్రతిసారీ మత్తు, ప్రతిసారీ ఖర్చు, ప్రతిసారీ ఆ పిల్ల ఏడుపు. రెండేళ్ల కింద ఆ ఇంట్లోకి సరైన గడ్డి ఒక్క సంచి వచ్చి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

అందుకే గడ్డి అమ్మేవాడి మాటకు బరువు ఉండాలి అంటాను. పోయిన సీజన్‌లో ఒక వ్యాపారి వచ్చాడు. వరిగడ్డి సన్నగా కత్తిరించి, మంచి సంచిలో పెట్టి, కుందేలు బొమ్మ వేసి ఇమ్మన్నాడు. రెండు క్వింటాళ్లు, డబ్బు ముందే. "పరుపు అని సంచి మీద రాస్తా, ఒప్పుకుంటే ఇస్తా" అన్నాను. అలా రాస్తే ఆ ధర రాదన్నాడు. బేరం అక్కడే ఆగింది. ఆ డబ్బు వస్తే డ్రిప్ పైపులు మార్చేవాణ్ని. ఇప్పటికీ పాత పైపులకే గుడ్డలు చుట్టి నీళ్లు పెడుతున్నా.

మేం ఎండుగడ్డి ఎలా తయారు చేస్తాం

రైతు మిత్రులకు ఇది ఉపయోగం. ఈ పోస్టుతో ఉన్న వీడియోలో మొత్తం చూపించాను, ఇక్కడ ముఖ్యమైనవి రాస్తున్నా.

కోత పూత రావడానికి ముందే. పూత వచ్చాక కాడ ముదురుతుంది, పోషకాలు తగ్గుతాయి. పొద్దున మంచు ఆరాక కోస్తాం. పలచగా పరిచి, రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేస్తాం. ఎండ బాగుంటే గరిక రెండు రోజుల్లో ఎండుతుంది. చివరి దశ షెడ్డు నీడలో, గాలికి. మొత్తం మండుటెండలో పెడితే రంగు తెల్లబోతుంది, ఆకు పొడిపొడిగా రాలిపోతుంది.

లెక్క చెప్తా చూడండి. పచ్చిగడ్డిలో 80 శాతం నీళ్లే అనుకుంటే, 100 కిలోలు కోస్తే చేతికి వచ్చే ఎండుగడ్డి 23, 24 కిలోలు. తేమ 15 శాతం లోపు ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఉండగా మూట కడితే లోపల వేడెక్కి బూజు వస్తుంది. తేమ చూసే మిషన్ లేకపోతే ఉప్పు సీసా పరీక్ష చేయండి. మూత ఉన్న పొడి గాజు సీసాలో ఒక చెంచా పొడి ఉప్పు, గుప్పెడు కత్తిరించిన గడ్డి వేసి రెండు నిమిషాలు బాగా ఊపండి. ఉప్పు విడివిడిగా ఉంటే గడ్డి ఎండినట్టు. ఉండలు కట్టినా, సీసాకు అంటుకున్నా ఇంకా ఆరబెట్టాలి.

వానాకాలం కోతలు నమ్మకం లేనివి. మొన్న సెప్టెంబర్‌లో రోడ్స్ గడ్డి కోసి పరిచిన రెండో రోజు ముసురు పట్టింది. టార్పాలిన్ కప్పినా కింద నుంచి చెమ్మ పట్టి నల్ల మచ్చలు వచ్చాయి. ఆ కోత మొత్తం టమాట సాళ్లకు ఆచ్ఛాదనగా పోయింది. కలుపు ఆగింది, వానపాములు పైకొచ్చాయి. డబ్బు పోయింది కానీ గడ్డి వృథా కాలేదు. ప్రకృతి వ్యవసాయంలో ఉన్న సుఖం ఇదే, చెడిపోయింది కూడా ఎక్కడో ఒకచోట పనికొస్తుంది. ఒక్క కుందేలు నోటికి మాత్రం పనికిరాదు.

కొనేవాళ్లకు: కంటితో, ముక్కుతో, చేత్తో

రంగు చూడండి. లేత ఆకుపచ్చ ఉండాలి. తెల్లబోయినది, గోధుమ రంగుకు తిరిగినది పాతది లేదా ఎండకు మాడింది. వాసన చూడండి. కోసిన పచ్చికలా, కాస్త తీపిగా ఉండాలి. మట్టి వాసన, ముక్క వాసన వస్తే బూజు ఉన్నట్టే. చేత్తో దులపండి. పొడి లేచి తుమ్ము వస్తే ఆ దుమ్ము కుందేలు ముక్కులోకి కూడా పోతుంది. ఒక కాడ మెలిపెట్టండి. తడి తగలకూడదు.

తెచ్చాక ప్లాస్టిక్ సంచిలో బిగించి పెట్టొద్దు. అట్టపెట్టెలోనో, గుడ్డ సంచిలోనో గాలి తగిలేలా, నేలకు ఆనకుండా పెట్టండి. రెండు కిలోల కుందేలుకు నెలకు సుమారు మూడు కిలోలు పడుతుంది, తొక్కి పారేసేది కలుపుకుంటే నాలుగు.

ఒక గడ్డి నుంచి ఇంకో గడ్డికి ఒక్కరోజులో మార్చొద్దు. వారం, పది రోజులు పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ రండి. పొట్టలో సూక్ష్మజీవులు అలవాటు పడాలి కదా.

ఇక పరుపు సంగతి

కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదాలకు మెత్తటి గద్దెలు ఉండవు. వెంట్రుకలే చెప్పులు. అందుకే ఇనుప జాలీ మీద రోజంతా నిలబెడితే మడమల దగ్గర వెంట్రుకలు పోయి పుండ్లు పడతాయి. బోను కింద జాలీ ఉంటే కనీసం సగం భాగంలో చెక్క పలకో, చాపో వేసి, దాని మీద పరుపు వేయండి.

మంచి పరుపు మూడు పనులు చేయాలి. తడి పీల్చుకోవాలి, దుమ్ము లేవకూడదు, కుందేలు నాలుగు పోచలు మింగినా హాని చేయకూడదు. ఈ మూడింటితో ఒక్కొక్కటీ చూద్దాం.

*వరిగడ్డి.* తిండికి వద్దన్నా, పరుపుకు ఇదే నా మొదటి ఓటు. మెత్తగా ఉంటుంది, చవక. కానీ తడి అంతగా పీల్చుకోదు. అందుకే కింద నాలుగు మడతల న్యూస్ పేపర్ వేసి, పైన మూడు నాలుగు అంగుళాలు గడ్డి వేయండి. తళుకు కాగితం వాడొద్దు. కుందేలు కాగితం చింపి తినే రకం అయితే పేపర్ మీద చెక్క జాలీయో, చాపో వేసి మూయండి.

*ఉనుక.* ఆంధ్రా వైపు ఊక అంటారు. రైస్ మిల్లు దగ్గర ఊరికే దొరుకుతుంది, కోళ్ల షెడ్లలో వాడతారు. కుందేలుకు వద్దు. కొనలు గరుకు, దుమ్ము ఎక్కువ, కళ్లలో పడుతుంది.

*రంపపు పొట్టు.* సన్నటి పొట్టు ఊపిరితిత్తులకు చెడు. పైగా వడ్రంగి దుకాణం పొట్టులో ప్లైవుడ్ జిగురు, వార్నిష్ కలిసి ఉంటాయి. దేవదారు, పైన్ లాంటి వాసన చెక్కల పొట్టు అసలు వద్దు. ఆ వాసన కుందేలు కాలేయం మీద పనిచేస్తుంది.

*కొబ్బరి పొట్టు.* తడి బాగా పీలుస్తుంది. కానీ ఎండితే దుమ్ము, మింగితే పొట్టలో ఉబ్బుతుంది. వాడాలంటే ట్రేలో అడుగున వేసి, పైన జాలీ పెట్టి, కుందేలు నోటికి అందకుండా చూడాలి.

*గోనె సంచి, పాత బట్టలు.* దారాలు ఊడి మింగితే పేగుకు అడ్డం పడతాయి. కొరికే అలవాటున్న కుందేలుకు వద్దు.

*పిల్లులకు వాడే మట్టి లిట్టర్.* తడికి ముద్ద కట్టే రకం పొరపాటున కూడా వేయొద్దు. పొట్టలో కూడా అలాగే ముద్ద కడుతుంది.

ఇంకో చిట్కా. కుందేలుకు తింటూ పెంటికలు వేసే అలవాటు. బోనులో ఒక మూల ట్రే పెట్టి, దాని పక్కనే ఎండుగడ్డి గూడు కట్టండి. కొద్ది రోజుల్లో అదే మరుగుదొడ్డి అయిపోతుంది. మిగతా పరుపు పొడిగా ఉంటుంది, మీకు పని సగం తగ్గుతుంది. తినే గడ్డి మాత్రం ఎప్పుడూ పైన గూటిలో ఉండాలి. మూత్రం పడిన గడ్డి తిండిలో కలవకూడదు.

శుభ్రం, కాలం

కుందేలు మూత్రం నుంచి అమ్మోనియా ఘాటు వస్తుంది. బోను దగ్గర వంగినప్పుడు మీ ముక్కుకు గుచ్చుకుంటుందంటే, రోజంతా నేలకు దగ్గరగా ముక్కు పెట్టుకుని ఉండే కుందేలుకు ఎలా ఉంటుంది? తుమ్ములు, ముక్కు కారడం అక్కడి నుంచే మొదలవుతాయి. తడిసిన మూల రోజూ తీయండి, వారానికి ఒకసారి మొత్తం మార్చండి. ట్రేలో తెల్లటి మరక గట్టిపడితే వెనిగర్ నీళ్లతో కడిగి ఎండకు పెట్టండి. ఫినాయిల్ వద్దు. మూత్రం మబ్బుగా ఉండటం, తిన్న ఆకును బట్టి నారింజ రంగులో రావడం మామూలే. కానీ ఇసుకలా దిగినా, పోసేటప్పుడు ముక్కినా డాక్టర్‌కు చూపించాలి.

ఎండాకాలం కుందేలుకు గండం. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మనకు 42 కూడా వస్తుంది. కుందేలుకు చెమట పట్టదు, ఎక్కువగా చెవుల ద్వారానే ఒంటి వేడి బయటికి పంపుతుంది. అప్పుడు పరుపు పలచగా వేయండి. ఒక పక్క పరుపు లేకుండా చల్లటి బండో, టైలో పెట్టండి, అదే వెళ్లి పడుకుంటుంది. గుడ్డ చుట్టిన ఐసు నీళ్ల సీసా పక్కన పెట్టొచ్చు. చలికాలంలో పరుపు మందం పెంచండి.

వానాకాలంలో ఈగలు. తడి పరుపు మీద కూర్చున్న కుందేలు వెనక భాగం మురికైతే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్కరోజులో పురుగులు పడతాయి. ఆ కాలంలో రోజూ తోక కింద చూడాలి.

గడ్డి ఏ పొలం నుంచి వచ్చింది?

ఇది మన ప్రకృతి వ్యవసాయం వాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న. ఫిప్రోనిల్ అనే మందు కుందేలుకు విషం. కుక్కలకు పిడుదుల కోసం వీపు మీద వేసే చుక్కల మందుల్లో చాలావాటిలో ఇదే ఉంటుంది, అది కుందేలుకు ఎప్పుడూ వేయకూడదు. ఇదే మందును వరిలో కాండం తొలుచు పురుగుకు కూడా వాడతారు. దోమపోటుకైతే కోత దగ్గర పడ్డాక కూడా మందులు కొడతారు. పెసర లాంటి పంటల్లో కోతకు ముందు కలుపు మందు కొట్టి ఆకు మాడ్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది, ఆ కట్టె ఏ జీవానికీ వేయొద్దు.

అందుకే గడ్డి కొనేటప్పుడు ధర కంటే ముందు "ఈ మడికి ఆఖరిసారి ఏం కొట్టావు, ఎప్పుడు కొట్టావు?" అని అడగండి. రోడ్డు పక్క, పార్కుల్లో కోసిన గరిక కూడా వద్దు. కుక్కల మూత్రం, బండ్ల పొగ, మున్సిపాలిటీ దోమల మందు అన్నీ దాని మీదే ఉంటాయి. వీలైతే మిద్దె మీద రెండు వెడల్పాటి టబ్బుల్లో గరిక వేయండి. చారెడు గరిక కణుపులు నాటితే చాలు, వద్దన్నా వస్తుంది. అది నెల మేతకు సరిపోదు కానీ, రోజూ నాలుగు పోచలు తాజాగా దొరుకుతాయి.

పరుపు పారేయకండి

వాడిన పరుపు చెత్తబుట్టలో వేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కుందేలు పెంటికల్లో నత్రజని ఆవు పేడలో కంటే ఎక్కువ. వేడి చేయదు కాబట్టి ఎండిన పెంటికలు నేరుగా కుండీలో మట్టి పైన గుప్పెడు చల్లొచ్చు. ఆకుకూరల కుండీలకు మాత్రం కంపోస్టు చేసి వాడండి. మూత్రం తగిలిన వరిగడ్డి, పేపర్ ముక్కలు, పెంటికలు, వంటింటి తొక్కలు పొరలు పొరలుగా డ్రమ్ములో వేసి, జీవామృతం ఉంటే చిలకరించి, మూడు నెలలు వదిలేయండి. గడ్డిలో కర్బనం, పెంటికల్లో నత్రజని, రెండూ కలిస్తే నల్లటి ఎరువు. అదే ఎరువులో కొత్తిమీర, ముల్లంగి వేయండి. ఆకు కుందేలుకు, దుంప మీకు.

చివరగా

కుందేలు ఆవులా అరవదు, కుక్కలా మూలగదు. నొప్పి వస్తే మూల చేరి కూర్చుంటుంది, అంతే. దాని మాట వినాలంటే రెండే దారులు. గూటిలో గడ్డి ఎంత తగ్గింది, ట్రేలో పెంటికలు ఎన్ని, ఎంత సైజు అన్నవి. పొద్దున లేవగానే ఈ రెండూ చూడండి. గడ్డి తగ్గి, పెంటికలు పెద్దగా, గుండ్రంగా, పొడిగా ఉంటే మీ కుందేలు బాగున్నట్టే.

పిల్లలు అడిగారని కుందేలు కొనబోతున్న అమ్మానాన్నలకు ఒక మాట. అది ఎనిమిది, పదేళ్లు బతికే జీవం. బోను కొనేముందు నెలకు మూడు నాలుగు కిలోల మంచి గడ్డి ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. మా దగ్గరే కొనమని చెప్పట్లేదు. మీ దగ్గర్లో పశువుల మేత పండించే రైతు ఉంటే, పూతకు ముందు కోసి నీడన ఆరబెట్టి ఇమ్మని అడగండి. అడిగేవాళ్లు ఉంటే పండించేవాళ్లు వస్తారు. ఆ రైతుకు గట్టు మీద గరిక నాలుగు రూపాయలు తెస్తుంది, మీ కుందేలు పళ్లు అరుగుతాయి.

వచ్చే వీడియోలో గరిక మడి కోత నుంచి సంచి కట్టేదాకా చూపిస్తాను. ఉంటాను మరి.